బేరం మేడమ్‌దే!

కూరగాయల బండి దగ్గర చెప్పిన ధరకి ఏ ఇల్లాలూ తలూపదు. చీర కొనాలంటే నాలుగు కొట్లు తిరగాల్సిందే. అలాంటిది లక్షలు పోసి కారు కొనేటప్పుడు మాత్రం 'ఆ మాటలేవో మీరే మాట్లాడండి' అంటూ వెనక్కి తగ్గుతారు చాలామంది. షోరూమ్ సిబ్బందీ తక్కువేం కాదు. ఇంజిన్ సంగతులు సార్‌కీ, రంగుల సంగతులు మేడమ్‌కీ చెబుతుంటారు!

ఈ తేడా జేబుకీ తగులుతుంది. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రేడియేటర్ మార్చడానికి ఎంతవుతుందని మెకానిక్ షెడ్లకు ఫోన్లు చేయించారు. ధర తెలియనట్టు అడిగితే మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎక్కువ చెప్పారట. మార్కెట్ ధర తెలుసన్నట్టు మాట్లాడితే మాత్రం ఆ తేడా మాయం. పైగా తగ్గించమని అడిగినప్పుడు ఆడవాళ్ల మాటే ఎక్కువసార్లు చెల్లింది! 2013లో బయటికొచ్చిన ఈ పరిశోధన చెప్పేదొకటే... లెక్క తెలిసి వెళ్లాలి.

కాగితం మీద పెట్టించండి

మొదట అడగాల్సింది 'ఆన్ రోడ్' ధర. ఎక్స్ షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, బీమా, యాక్సెసరీలు... దేనికెంతో విడివిడిగా రాయించుకోవాలి. అదే మోడల్‌కి ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర కొటేషన్లు తీసుకుంటే బేరానికి బలం వస్తుంది. 'హ్యాండ్లింగ్ ఛార్జీలు' అని కనిపిస్తే అది ప్రభుత్వం వేసే పన్ను కాదని గుర్తుంచుకుని, తీసేయమనండి. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. ఆ పాలసీని డీలర్ దగ్గరే కొనాలన్న నిబంధన మాత్రం లేదు. కారు ధర 10 లక్షలు దాటితే వసూలు చేసే 1 శాతం టీసీఎస్‌ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

వాయిదా చూసి మురిసిపోవద్దు

'నెలకెంత కట్టగలరు మేడమ్?' అన్న ప్రశ్నకి వెంటనే జవాబివ్వకండి. ముందు కారు ధర తేలాలి. పాత కారు మార్పిడి, అప్పు... ఒక్కోటీ విడిగా మాట్లాడాలి. అన్నీ కలిపేస్తే ఎక్కడ తగ్గిందో, ఎక్కడ పెరిగిందో తెలియదు. 6 లక్షల అప్పుని 9 శాతం వడ్డీతో అయిదేళ్లలో తీరిస్తే నెలకి సుమారు 12,455 రూపాయలు. ఏడేళ్లయితే 9,653. వాయిదా తగ్గినట్టే ఉంటుంది కానీ, మొత్తమ్మీద 63 వేలకు పైగా అదనంగా కడతారు!

తాళాలు తీసుకునేముందు...

రిజిస్ట్రేషన్ కాకముందే బండిని పగటి వెలుగులో చూడాలి. తయారైన నెల, ఛాసిస్ నంబరు, ఓడోమీటర్ రీడింగ్, టైర్లు, పెయింటు... అన్నీ సరిచూసుకోవాలి. ఏడాది చివర్లో కొంటుంటే తయారీ సంవత్సరం మరీ ముఖ్యం. మళ్లీ అమ్మేటప్పుడు దాన్నిబట్టే ధర పలుకుతుంది. బుకింగ్ రద్దు చేసుకుంటే డబ్బు ఎంత వెనక్కిస్తారో రసీదు మీదే రాయించుకోండి. మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది.

'ఈ ఆఫర్ ఈరోజు వరకే' అని తొందరపెడితే 'ఇంట్లో ఆలోచించుకుని చెబుతాం' అని లేచి వచ్చేయండి. చాలాసార్లు ఆ సాయంత్రమే ఫోన్ వస్తుంది. కారు మీ పేరున, సంతకం మీది, వాయిదాలు కట్టేదీ మీరే. ఇక అడగడానికి మొహమాటమెందుకు?