ట్యాంకు నిండలేదా? మరి మురుగెటు పోతోంది?

నాయకన్‌పాళెయాల్లో పెరటి మురుగు పాట్లు

కోయంబత్తూరు: ‘ఇల్లు కట్టి ఇరవై ఏళ్ళయింది, మా సెప్టిక్ ట్యాంకు ఒక్కసారీ తీయించలేదు’ అని గొప్పగా చెప్పుకొనేవాళ్ళు మన తెలుగు వీధుల్లో ఎక్కడికెళ్ళినా తగులుతారు. అది గొప్ప కాదు, గుబులు పడాల్సిన సంగతి. ట్యాంకు అడుగున పేరుకునే బురదను రెండు మూడేళ్ళకోసారి తోడాలి. తోడకపోయినా ఇబ్బంది రాలేదంటే కారణం రెండే. అడుగు గచ్చు చేయకపోవడంతో భూమిలోకి ఇంకిపోతుండాలి, లేదా నీళ్ళతోపాటు బురద కూడా వీధి కాలువలోకి జారిపోతుండాలి. మొదటిదైతే పక్కింటి బావికి, రెండోదైతే వీధంతటికీ చేటు.

కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం రోడ్డు పట్టుకుంటే నరసింహనాయకన్‌పాళెయం, పెరియనాయకన్‌పాళెయం వస్తాయి. నాయకరాజుల కాలపు వాసన ఊరి పేర్లలోనే ఉంది. మిల్లులు, పంపుసెట్ల కంపెనీలు వచ్చాక ఇళ్ళు కిక్కిరిసినా, మురుగు మాత్రం ఎవరి పెరట్లో వారిదే. తమిళనాడు ప్రభుత్వం సెప్టిక్ బురదపై 2014లో మార్గదర్శకాలు తెచ్చింది. తర్వాత తిరుచ్చితోపాటు ఈ రెండు పట్టణ పంచాయతీలనూ పారిశుద్ధ్య కార్యక్రమానికి ఎంచుకుంది. లారీలు తోడుకొచ్చిన బురదను శుద్ధి చేసే కేంద్రం పెరియనాయకన్‌పాళెయంలో వెలిసింది. అంతకుముందు ఆ బురద ఎక్కడ పడేదో ఊరి శివార్ల వాళ్ళనడిగితే చెబుతారు.

సగం పనే

ఐదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నీళ్ళు వాడితే, అందులో 80 శాతం, అంటే 540 లీటర్లు మురుగై బయటికొస్తుంది. సెప్టిక్ ట్యాంకులో బరువైనది అడుగుకు దిగుతుంది, జిడ్డు పైకి తేలుతుంది, మధ్యలోని నీరు గొట్టం గుండా బయటపడుతుంది. తేటగా కనిపించినా అందులో రోగక్రిములు అలాగే ఉంటాయి. అందుకే ఆ నీటిని ఇంకుడు గుంతకు పంపాలి. తాగునీటి బావికి ఆ గుంత కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని భారత ప్రమాణాల సంస్థ నిబంధన. మూడు సెంట్ల స్థలంలో ఇల్లు, బావి, గుంత పెట్టుకున్నవాళ్ళు 18 మీటర్లు ఎక్కణ్ణుంచి తెస్తారు?

అందుకని ఇప్పుడు చాలామంది ‘గాలి మిషను’ పెట్టిస్తామంటున్నారు. ట్యాంకులోకి చిన్న బ్లోయరుతో గాలి బుడగలు వదిలితే, ఆక్సిజన్ అందుకున్న బ్యాక్టీరియా మురుగును చకచకా తినేస్తుంది. తర్వాతి గదిలో నీరు తేరుకుంటుంది. క్లోరిన్ కలిపితే మొక్కలకు పనికొస్తుంది. పద్ధతి మంచిదే. కానీ కరెంటు బిల్లు చూసి బ్లోయరు ఆపేస్తే ఆ బ్యాక్టీరియా చచ్చి, మళ్ళీ మామూలు కంపే. అపార్టుమెంట్లలో జరుగుతున్నది చాలావరకు ఇదే. పైగా గాలి పెట్టినా బురద తోడక తప్పదు, అమ్మేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

పాత వీధుల ఇళ్ళకు నాకు తోచింది వేరే దారి. స్నానాల నీళ్ళు, బట్టల నీళ్ళు, వంటింటి నీళ్ళు మరుగుదొడ్డి నీళ్ళతో కలపకూడదు. ఇంటి మురుగులో సగానికి పైగా ఇవే. జిడ్డు ఆగడానికి చిన్న తొట్టి కట్టి, అడుగు గచ్చు చేసిన కంకర మడిలోకి వదిలి, అందులో మెట్టతామర నాటితే చాలు. కంకరకు పట్టుకున్న బ్యాక్టీరియా, మొక్కల వేళ్ళు కలిసి నీటిని తేటపరుస్తాయి. కరెంటు అక్కర్లేదు. మదురైలో పుట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి తన పుదుచ్చేరి ప్రాంగణంలో ఇదే సూత్రాన్ని పెద్ద ఎత్తున వాడింది. అక్కడ శుద్ధయిన మురుగునీరు తోటకు పోతుంది. మదురై ఊళ్ళో చూస్తే కృదుమాల్ నది మురుగు కాలువగా మారింది.

దిగేవాళ్ళూ మనవాళ్ళే

ఈ విషయంలో మనం మాట్లాడని సంగతి ఒకటుంది. కోయంబత్తూరు, మదురైలలో తరతరాలుగా పాకీ పని చేస్తున్న అరుంధతీయుల్లో చాలామంది ఇంటి భాష తెలుగే. ఆ వాడల్లో తల్లులు పిల్లల్ని తెలుగులోనే పిలుస్తారు. నాయుళ్ళ వీధిలో ట్యాంకు కట్టించినవారూ తెలుగే, దాన్లోకి దిగినవారూ తెలుగే. అయినా మన తెలుగు సంఘాల సభల్లో వేదిక మీద కనిపించేది మొదటివారే.

మూసిన ట్యాంకులో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటాయి. మూత తీసి మనిషిని దించితే రెండు మూడు ఊపిర్లకే స్పృహ తప్పవచ్చు. కాపాడబోయి దిగినవారూ పోతారు. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం నేరం. మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాంట్రాక్టరుకే కాదు, దించమన్న ఇంటి యజమానికీ ఇది వర్తిస్తుంది. మురుగు పనిలో చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది.

కొత్తగా కట్టుకునేవాళ్ళు మేస్త్రీకి ముందే చెప్పాల్సినవి రెండు. ట్యాంకు మూత లారీ పైపు అందేంత దూరంలో, వీధి వైపు ఉండాలి. దాని మీద టైల్సు పరిచి మూసేయకూడదు. చాలా ఇళ్ళలో మనిషి దిగాల్సి వస్తున్నది మూత వంటింటి కిందికో, మెట్ల కిందికో పోవడం వల్లే.