పట్టిన చేపను వదిలేసే వేట!

శ్రీకాకుళం: గాలానికి పడిన చేపను తిరిగి సముద్రంలోకి వదిలేసేవారు ఉన్నారంటే మన తీర గ్రామాల్లో ఓ పట్టాన నమ్మరు. అందుకు ఎదురు డబ్బులు కూడా ఇస్తారంటే నవ్వుతారు. కానీ అండమాన్ దీవుల్లో జరుగుతున్నది అదే. నలుగురైదుగురు మిత్రులు కలిసి బోటు కిరాయికి మాట్లాడుకుని తెల్లవారుతూనే నడిసముద్రానికి వెళతారు. సాయంత్రానికి ఒట్టి చేతులతో, కొండంత సంతోషంతో తిరిగివస్తారు.

అండమాన్ ఈ జిల్లావాసులకు పరాయి చోటు కాదు. బతుకుతెరువుకు ఇక్కడి నుంచి ఓడెక్కినవారి కుటుంబాలు అక్కడ అనేకం. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ రేవుకు వెళితే తెలుగు మాట వినపడుతూనే ఉంటుంది.

ఆ దీవుల దగ్గర ఒడ్డు దాటిన కొద్ది దూరానికే లోతు వచ్చేస్తుంది. అందుకే పెద్ద చేపలు దగ్గర్లోనే తిరుగుతాయి. పోర్ట్‌బ్లెయిర్‌కు సుమారు 135 కిలోమీటర్ల దూరంలోని బారెన్ దీవి దేశంలో ఇప్పటికీ మండుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం. దానిపై కాలు మోపడానికి వీల్లేదు. చుట్టుపక్కల నీటిలో సూర చేపల కోసం మాత్రం సరదా వేటగాళ్లు వెళుతుంటారు.

వీరు ఎక్కువగా కోరుకునేది పార జాతిలో అతి పెద్ద చేపను. 2006లో జపాన్‌లో ఒకటి 72.8 కిలోలు తూగింది. చేప ఆకారంలో చేసిన కొయ్యముక్కకు గాలాలు తగిలించి దూరంగా విసురుతారు. నీటిపై చప్పుడయ్యేలా కుదుపుతూ లాగుతారు. పార దాన్ని ఎర అనుకుని మింగబోతుంది. ఇక అక్కడి నుంచి మనిషికీ, చేపకూ పెనుగులాటే. తీగ పగడపు రాళ్లకు రాసుకుందా, తెగినట్టే.

పట్టడం ఒక ఎత్తయితే, బతికేలా వదలడం మరో ఎత్తు. గాలం కొనన ఉండే వెనుక ముల్లును ముందే నొక్కేస్తే చేప నోరు చీరకుండా ఊడివస్తుంది. చేతులు తడుపుకుని పట్టుకోవాలి. పొడి చేతులు తగిలితే ఒంటిపై జిగురు పోయి చేపకు జబ్బు చేస్తుంది. ఫొటో మోజులో ఎక్కువసేపు నీటిపైన ఉంచకూడదు. బాగా లోతు నుంచి లాగిన చేపకు పొట్టలోని గాలితిత్తి ఉబ్బుతుంది. దాన్ని వదిలినా కిందికి దిగలేక చనిపోవచ్చు. వదిలాం కదా, పుణ్యం చేశాం అనుకుంటే పొరపాటే.

కళింగపట్నం, బారువ తీరాలకు వచ్చే పట్నవాసులకూ ఇలాంటి సరదా పుట్టవచ్చు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేటపై నిషేధం ఉంటుందని గుర్తుంచుకోవాలి. బయలుదేరే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సమాచారం చూసుకోవాలి. మనిషికో లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఆపద వస్తే కోస్ట్‌గార్డు నంబరు 1554.

అన్నిటికన్నా ముఖ్యం సరంగు మాట. గాలి తిరిగిందంటే కూటికి వేటాడేవాడు వలను సైతం వదులుకుని ఒడ్డు పడతాడు. డబ్బులు కట్టాం, ఇంకో గంట ఉందామని సరదాకు వచ్చినవారు పట్టుబడితే ప్రమాదం అక్కడే మొదలవుతుంది. వెనక్కి తిప్పే అధికారం సరంగుదేనని బోటెక్కకముందే ఒప్పుకోవాలి. కూటికి వచ్చాడా, వేడుకకు వచ్చాడా అని గంగమ్మ అడగదు.