పిస్టల్ కొన్నారు సరే, రేంజ్‌లో పరీక్షించారా?

మన ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలు కన్నేస్తున్నారన్న భయంతో అమెరికాలో పిస్టల్ కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఉన్నాయి. కొందరైతే తెచ్చి లాకర్‌లో పెట్టేసి, ఒక్కసారి కూడా పేల్చి చూడరు. అవసరం పడిన రాత్రి అది పనిచేస్తుందని ఏం నమ్మకం?

అసలు సంగతికి ముందు ఒక హెచ్చరిక. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా ఇదే చిక్కు. ఫ్రెండ్ రమ్మన్నాడని వెళ్లి వీసా మీదకి తెచ్చుకోకండి, ముందు లాయర్‌ని అడగండి.

గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ల విషయానికొద్దాం. గ్లాక్ 19 లాంటి 9 ఎంఎం కాంపాక్ట్ పిస్టల్‌లో తూటా పేలగానే పైనున్న స్లయిడ్ వెనక్కి వెళ్లి ఖాళీ షెల్‌ని బయటికి విసిరేస్తుంది, ముందుకొస్తూ కొత్త తూటాని ఎక్కించుకుంటుంది. మణికట్టు వదులుగా ఉంటే పిస్టల్ మొత్తం చేతితోపాటే వెనక్కి పోయి స్లయిడ్ పూర్తిగా కదలదు. షెల్ నిటారుగా ఇరుక్కుంటుంది. దీన్నే స్టవ్‌పైప్ అంటారు. కొత్తవాళ్లు వెంటనే తుపాకీని తిట్టుకుంటారు గానీ, అదే పిస్టల్‌ని అనుభవమున్నవారి చేతికిచ్చి చూడండి. వాళ్లకి ఆగకపోతే తప్పు మన పట్టుదే. మ్యాగజైన్ల మీద 1, 2 అని రాసుకోండి. ప్రతిసారీ ఒకదానితోనే ఆగుతుంటే ఆ మ్యాగజైన్‌ని పక్కన పెట్టేయడమే.

ప్రాక్టీసుకి వాడే చవక తూటాల ముక్కు గుండ్రంగా ఉంటుంది. ఇంటి రక్షణకి ఉంచుకునే హాలో పాయింట్‌కి ముక్కు దగ్గర గుంట ఉంటుంది, తగిలాక విచ్చుకుంటుంది. ఆకారం వేరు కాబట్టి మొదటిది ఆగకుండా పేలిందని రెండోదీ పేలుతుందనుకోకూడదు. చాలామంది పాటించే పద్ధతి ఏంటంటే, ప్రాక్టీసు తూటాలు 200, ఆ తర్వాత ఇంట్లో ఉంచబోయేవే కనీసం 50. మధ్యలో ఆగితే కారణం కనుక్కుని మళ్లీ ఒకటి నుంచి లెక్క. హాలో పాయింట్ డబ్బా ధర చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, అయినా తప్పదు.

తూటా ఎంత లోతుకి పోతుందో చూడటానికి ఎఫ్‌బీఐ 10 శాతం జెలటిన్ దిమ్మల్లోకి కాల్పిస్తుంది. 12 నుంచి 18 అంగుళాలు దిగాలి. ఈ పరీక్ష మనం చేయక్కర్లేదు, ఆ లెక్కకి నిలిచిన తూటాలు కొనుక్కుంటే చాలు. కానీ ఒకటి గుర్తుంచుకోండి: ఇక్కడి ఇళ్లవి డ్రైవాల్ గోడలు. హాలో పాయింట్ కూడా వాటిని దాటుకుని పక్క గదిలోకి పోతుంది. ఆ గదిలో పిల్లలు పడుకుంటారేమో చూసుకోండి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. చప్పుడు మామూలుకన్నా మెత్తగా వస్తే ఇంకోటి పేల్చకండి. బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు, రెండోది కాలిస్తే గొట్టం పగులుతుంది. రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి.

అక్కడి గాలిలో, చేతుల మీద సీసం ధూళి ఉంటుంది. లేన్‌లో చిప్స్ తినకండి. సబ్బుతో చేతులు కడుక్కుని, ఇంటికొచ్చాక బట్టలు మార్చుకున్నాకే చంటిపిల్లల్ని ఎత్తుకోండి. ఆ బట్టలు విడిగా ఉతకండి.