వడగాడ్పు నుంచి రక్షణ కూడా హక్కే

1950 నవంబరు 4న రోమ్ నగరంలో సంతకాలు జరిగిన ఐరోపా మానవ హక్కుల ఒడంబడికలో పర్యావరణం అన్న మాట ఎక్కడా కనిపించదు. రెండో ప్రపంచ యుద్ధపు గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న ఆ కాలంలో, ప్రభుత్వాలు పౌరులను చిత్రహింసలకు గురిచేయకుండా, అక్రమంగా నిర్బంధించకుండా అడ్డుకోవడమే దాన్ని రాసినవారి ముఖ్యోద్దేశం. అటువంటి పత్రాన్ని ఆధారం చేసుకొని, వాతావరణ మార్పును అరికట్టడంలో అలసత్వం చూపిన ప్రభుత్వాన్ని దోషిగా నిలబెట్టవచ్చునా అన్నది నేడు ఐరోపా న్యాయ పండితుల మధ్య తీవ్రంగా సాగుతున్న చర్చ.

ఈ ఒడంబడికకు అర్థం చెప్పే అధికారం ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న మానవ హక్కుల న్యాయస్థానానిది. 46 దేశాలు సభ్యులుగా ఉన్న కౌన్సిల్ ఆఫ్ యూరప్‌కు చెందిన ఈ న్యాయస్థానం, లక్సెంబర్గ్‌లోని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ఒకటి కావు. ఒడంబడికను మారే కాలానికి తగినట్టు చదువుకోవలసిన సజీవ పత్రంగా స్ట్రాస్‌బర్గ్ న్యాయమూర్తులు 1978 నుంచీ పరిగణిస్తున్నారు. స్పెయిన్‌లోని లోర్కా పట్టణంలో ఒక ఇంటికి కేవలం 12 మీటర్ల దూరంలో తోళ్ల పరిశ్రమల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం వెలిసి, దాని కంపుతో, పొగలతో ఆ కుటుంబం ఇల్లు విడవవలసి వచ్చినప్పుడు, నివాసానికీ కుటుంబ జీవితానికీ రక్షణ కల్పించే 8వ అధికరణాన్ని ప్రభుత్వం ఉల్లంఘించిందని 1994లో తీర్పు వెలువడింది.

అయితే లోర్కాలో కంపు ఎక్కడినుంచి వస్తున్నదో అందరికీ తెలుసు. భూతాపానికి అలా ఒక్క కర్మాగారాన్ని చూపడం సాధ్యం కాదు. ఈ చిక్కుప్రశ్నను స్ట్రాస్‌బర్గ్ ముందుంచినవారు స్విట్జర్లాండ్‌కు చెందిన వృద్ధ మహిళలు. సగటు వయసు 73 ఏళ్లుగా ఉన్న 2,000 మందికి పైగా సభ్యులతో కూడిన వారి సంఘం, వడగాడ్పులకు అందరికంటే ఎక్కువగా బలయ్యేది వృద్ధ మహిళలేనని వాదించగా, స్వదేశంలోని అధికారులూ న్యాయస్థానాలూ ఆ వాదనలోని మంచిచెడ్డలను విచారించకుండానే తోసిపుచ్చాయి.

2024 ఏప్రిల్ 9న 17 మంది న్యాయమూర్తుల విస్తృత ధర్మాసనం 16–1 ఆధిక్యంతో స్విట్జర్లాండ్ 8వ అధికరణాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. ఆ దేశం 2020 నాటికి పెట్టుకున్న ఉద్గారాల తగ్గింపు లక్ష్యాన్ని చేరుకోలేదనీ, మొత్తం మీద ఇంకెంత కర్బనాన్ని వదలవచ్చునో లెక్కగట్టే కర్బన బడ్జెట్ వంటి ఏర్పాటు చేసుకోలేదనీ ధర్మాసనం ఎత్తిచూపింది. మన దేశంలోని ప్రజాప్రయోజన వ్యాజ్యాల వంటివాటిని స్ట్రాస్‌బర్గ్ అనుమతించదు గనుక విడిగా వచ్చిన నలుగురు మహిళలకు బాధితుల హోదా దక్కలేదు. సంఘానికి మాత్రం వాదించే అర్హత లభించింది. వ్యక్తికి మూసిన తలుపును సంఘానికి తెరవడమే ఈ తీర్పులోని అసలు కొత్తదనం.

విమర్శలు వెంటనే వచ్చాయి. 8వ అధికరణం విషయంలో విభేదించిన ఏకైక న్యాయమూర్తి టిమ్ ఐకె, సహచరులు వ్యాఖ్యానానికి ఉన్న హద్దులు దాటారని రాశారు. స్విస్ పార్లమెంటులోని రెండు సభలూ 2024 జూన్‌లో ఇప్పటికే చేపట్టిన చర్యలు చాలునని తీర్మానించాయి. కర్బన చట్ట సవరణను 2021లో ప్రజలే జనవాక్య సేకరణలో తిరస్కరించిన దేశంలో, ఓటరు కాదన్నదాన్ని న్యాయమూర్తి ఎలా శాసిస్తారన్న ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ ధర్మాసనం ఏ పన్నునూ విధించలేదు, ఏ ఇంధనాన్నీ నిషేధించలేదు. మార్గాన్ని ప్రభుత్వానికే వదిలి, లక్ష్యం, లెక్క, గడువు మాత్రం ఉండాలన్నది. ఎండ తీవ్రతకు ప్రాణాపాయం పొంచి ఉన్నవారి గోడును మెజారిటీ ఓటు వినకపోయినప్పుడు వినడానికే మానవ హక్కుల న్యాయస్థానాలు ఉన్నాయి.

ఈ ఆలోచన ఐరోపాకే పరిమితం కాలేదు. బట్టమేక పక్షులకు విద్యుత్ తీగల వల్ల కలిగే ముప్పుపై వచ్చిన కేసులో భారత సుప్రీంకోర్టు, స్ట్రాస్‌బర్గ్ తీర్పుకు దాదాపు మూడు వారాల ముందే, 2024 మార్చి 21న, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లో ఇమిడి ఉందని గుర్తించింది. పసిఫిక్ ద్వీప దేశాల న్యాయ విద్యార్థులు మొదలుపెట్టిన ఉద్యమం వనువాటు ప్రభుత్వం చొరవతో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభకు చేరి, 2025 జూలై 23న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానపు ఏకగ్రీవ అభిప్రాయానికి దారితీసింది. వాతావరణాన్ని కాపాడడం దేశాలకు న్యాయపరమైన బాధ్యత అనీ, దాన్ని విస్మరిస్తే నష్టపరిహారం చెల్లించవలసి రావచ్చుననీ ఆ న్యాయస్థానం చెప్పింది.

హేగ్ అభిప్రాయం తనంతట తాను ఏ దేశాన్నీ కట్టివేయదు; స్ట్రాస్‌బర్గ్ తీర్పు అమలును పర్యవేక్షించే మంత్రుల కమిటీకి పోలీసులు లేరు. తీర్పుకు బలం చేకూరేది, దాన్ని చేతపట్టుకొని పౌరులు తమ ప్రభుత్వాలను పదే పదే నిలదీసినప్పుడే.