ముందు తెర మీద... తర్వాతే నేల మీద!

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నారు పెద్దలు. పెళ్లిలో వంటకాలు మిగిలితే నలుగురికీ పంచుకోవచ్చు. ఇంటి దగ్గర మిగిలి గడ్డకట్టిన సిమెంటు బస్తాని ఎవరికి పంచుతాం చెప్పండి?

మా నిమ్మాడ నుంచి టెక్కలి వెళ్లే దారిలో కట్టుబడిలో ఉన్న ఏ ఇంటి ముందు చూసినా ఒకటే వరస. కుప్పపోసిన ఇసుక వానకి కొట్టుకుపోతుంటుంది. కోయగా మిగిలిన ఊచల ముక్కలు తుప్పు పడుతుంటాయి. నిన్న ప్లాస్టరింగ్ చేసిన గోడనే ఇవాళ కరెంటు పైపు కోసం ఉలితో కొడుతుంటారు. ఇదంతా మామూలే అనుకుంటాం. ఆ మామూలు ఖర్చంతా చివరికి మన అప్పులోనే కలుస్తుంది కదండీ!

గత ఏడాది మా ఆడపడుచు ఇల్లు మొదలుపెట్టింది. సివిల్ ఇంజినీరింగ్ చదివిన ఆమె కూతురు లాప్‌టాప్ ముందేసుకుని, “అమ్మా, నువ్వూ రా అత్తా... గోడలు లేవకముందే వంటిల్లు చూద్దురు గాని” అంది.

బొమ్మ కాదు, లెక్క

దీన్ని బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అంటారు. ముద్దుగా ‘బిమ్’. దీని మూలాలు 1970ల్లో అమెరికాలో చక్ ఈస్ట్‌మన్ చేసిన పరిశోధనలో ఉన్నాయి. మామూలు ప్లానులో గోడ అంటే రెండు గీతలు. ఇందులో గోడంటే దాని పొడవు, ఎత్తు, మందం, పట్టే ఇటుకలు అన్నీ కలిసి ఉంటాయి. కిటికీ అడుగు పక్కకి జరిపినా, తలుపు పెద్దది చేసినా లెక్కంతా తనే మారిపోతుంది.

మా ఆడపడుచుకి ప్లాను కాగితం చదవడం రాదు. కానీ తెర మీద తన వంటింట్లో నిలబడినట్టు కనిపించగానే, “పొయ్యి దగ్గరుంటే సింకు వీపు వెనకాలొచ్చిందేమిటే? గిన్నె కడగాలంటే గిరగిరా తిరగాలా?” అని అడిగేసింది. సింకు కిటికీ కిందికి మారింది. స్నానాలగది పైపు ఒకటి సరిగ్గా బీము లోంచి వెళ్తోందని కూడా అక్కడే బయటపడింది. తెర మీద మార్చడానికి పైసా ఖర్చు లేదు. అదే స్లాబు పోశాక అయితే?

జపాన్ వాళ్ల ‘ముదా’

లెక్క తెలిస్తే చాలదు, ఏ పని ఎప్పుడు చేయాలో కూడా తెలియాలి. అక్కడే ‘లీన్’ పద్ధతి పనికొస్తుంది. టొయోటా కార్ల కంపెనీలో తైచీ ఓనో వృథాని ‘ముదా’ అని పేరు పెట్టి ఏడు రకాలుగా విడదీశాడు. అవసరానికి మించి తయారుచేయడం, ఎదురుచూడటం, అనవసరంగా సరుకు మోయడం, అక్కర్లేని పని చేయడం, ఎక్కువ నిల్వ పెట్టడం, ఊరికే అటూఇటూ తిరగడం, తప్పు చేసి మళ్లీ చేయడం. మన వంటింటికీ ఇవి వర్తిస్తాయి కదూ!

దీన్ని ఇళ్ల కట్టుబడికి ఎలా మలచాలో 1992లో లౌరీ కొస్కెలా రాశాడు. 1997లో గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ ఇందుకోసం అమెరికాలో ఒక సంస్థే పెట్టారు. ఈ వారం అయిపోతుందని అనుకున్న పనుల్లో దాదాపు సగమే పూర్తవుతున్నాయని బల్లార్డ్ గమనించాడు. అది ఒక్క బద్ధకం వల్లే కాదు. ముందు పని తెమలకపోవడం, సరుకు రాకపోవడం కూడా కారణాలే. కాబట్టి పని చేసేవాళ్లనే పిలిచి “ఏది పూర్తి చేయగలవు? దానికేం కావాలి?” అని అడగాలన్నాడు.

ఆదివారం సాయంత్రాలు తాపీమేస్త్రి, కరెంటు అబ్బాయి, ప్లంబరు అరగంట కూర్చునేవారు. “పనొచ్చినోడికి మీటింగులెందుకమ్మా” అని నవ్విన మేస్త్రే రెండో వారానికి, “కరెంటు పైపులు పడ్డాకే నేను ప్లాస్టరింగ్‌కి దిగుతా” అన్నాడు. చెన్నైలో పెద్ద కట్టడాల మీద పనిచేసి వచ్చినవాడాయన. మన జిల్లా నుంచి అలా వెళ్లినవాళ్లు ఎందరో!

ఊచల సంగతి చూడండి. ఊచ పొడవు 12 మీటర్లు, అంటే దాదాపు 40 అడుగులు. 13 అడుగుల ముక్కలు మూడు కోస్తే మిగిలేది కొన్ని అంగుళాలే. 15 అడుగులవి రెండు కోస్తే దాదాపు పది అడుగులు మిగిలిపోతుంది. ఏ పొడవులు ఎన్ని కావాలో ముందే జాబితా ఉంటే ఆ ముక్క సజ్జకో లింటెల్‌కో సర్దుకుంటుంది. సిమెంటూ అంతే. మూడు నెలలు నిల్వ ఉంటే బలం తగ్గుతుంది, అందుకే విడతలుగా తెప్పించాం.

అన్నీ సాఫీగా సాగాయనను. ఇసుక ఒక వారం రాలేదు, పని ఆగింది. దానికి కంప్యూటరేం చేస్తుంది?

పొదుపంటే కోత కాదు

ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటు తయారీదే. ఒక్క బస్తా మిగిలినా భూమికి మేలే. హైదరాబాద్‌లోని సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2003లో లీడ్ ప్లాటినం గుర్తింపు పొందింది. అమెరికా బయట ఆ ఘనత దక్కిన మొదటి భవనం అదే. అక్కడ వాడిన నీటిని శుద్ధిచేసి మళ్లీ వాడుకుంటారు.

కానీ ఒక్కమాట. వృథా తగ్గించమంటే ఊచలు తగ్గించమని కాదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ కొబ్బరి, జీడి తోటల్ని ఎలా పడగొట్టిందో మనం చూశాం. మిగిలిన డబ్బు బలానికే పెట్టాలి. మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు, బూడిదో స్లాగో కలిసిన సిమెంటుకి పది రోజులు కాంక్రీటుని తడిపి ఉంచాలి. నీటి విలువ ఉద్దానం వాళ్లకి ఒకరు చెప్పాలా? గోనెపట్టాలు కప్పి తడిపితే తక్కువ నీళ్లతో పని జరుగుతుంది.

కంప్యూటర్ లేకపోతే...

* స్థలంలో ముగ్గుపిండితో గదుల్ని అసలు కొలతలకే గీయండి. పొయ్యి, బీరువా, మంచం చోట్లు గుర్తుపెట్టి అటూఇటూ నడిచి చూడండి.
* స్విచ్చులు, కుళాయిలు ఎక్కడో గోడ లేవకముందే తేల్చండి.
* వారానికోసారి పనివాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టండి.
* ఊచల కొలతల జాబితా లేకుండా ఇనుము కొనకండి.

2020లో మన రాష్ట్రంలో పేదలకి ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేర్ల మీదే ఇచ్చారు. మంచిదే. అయితే పట్టా మీద పేరుంటే చాలదు. పునాది గీత గీసేటప్పుడు మన మాట కూడా ఉండాలి. రోజుకి మూడు పూటలా ఆ వంటింట్లో నిలబడేది మనమే కదా!