ఆ రెండు ఓములు ఏమైనట్టు?

పిల్లలూ! బతుకమ్మ పండుగకు మీ ఊళ్ళో మైకు పెడతారు గదా? ఆ లౌడుస్పీకరు వెనకవైపు ఎన్నడైనా చూశారా? అక్కడ "8 ఓములు" అనో, "4 ఓములు" అనో అచ్చువేసి ఉంటుంది. ఆ అంకె సంగతి సరిగా తెలియక నేనొకసారి ఒక మనిషిని అనరాని మాట అన్నాను. ఆ కథ వినండి.

నేను కమాన్‌పూర్‌లో హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో, బడిలో ప్రార్థన కోసం గోదావరిఖని నుంచి ఒక లౌడుస్పీకరు తెప్పించాము. దాని మీద 8 ఓములని ఉన్నది. మీటరు పెట్టి చూస్తే ముల్లు 6 దగ్గిరే ఆగిపోయింది. నేను నేరుగా దుకాణానికి వెళ్ళి, "ఎనిమిదని చెప్పి ఆరు అంటగడతావా?" అని దుకాణదారుణ్ణి నలుగురిలో దులిపేశాను. అతను, "నేను మోసం చెయ్యలేదు సార్" అని మాత్రం అన్నాడు.

మర్నాడు పదో తరగతి కుర్రవాడొకడు నా దగ్గిరికి వచ్చాడు. వాడి తండ్రి సింగరేణి గనిలో ఎలక్ట్రీషియను. "సార్, మీటరులో నుంచి వచ్చేది బ్యాటరీ కరెంటు. స్పీకరులోకి పోయేది పాట కరెంటు. రెండూ ఒకటేనా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు.

వాడి అనుమానం న్యాయమైనదే. బ్యాటరీ కరెంటు ఒకే దిక్కుగా పోతుంది. దానికి తీగ చూపే అడ్డును నిరోధం అంటారు. దాన్ని కొలిచే ఓముకు ఆ పేరు గియార్గ్ ఓమ్ అనే జర్మను శాస్త్రజ్ఞుని వల్ల వచ్చింది. ఆయన కూడా బడిపంతులుగా పనిచేసినవాడే! పాట కరెంటు అట్లా కాదు. అది సెకండుకు వందలసార్లు, వేలసార్లు ముందుకూ వెనక్కూ మారుతుంది. ఆ మార్పులకు అయస్కాంతం మధ్యనున్న తీగచుట్ట కదిలి, కాగితపు గరాటును ఊపుతుంది. అయస్కాంతం మధ్య కదిలే తీగచుట్ట అంటే ఏమిటి? చిన్న డైనమో అన్నమాట! అది తానే కొంత విద్యుత్తు పుట్టించి, వచ్చే కరెంటుకు ఎదురు తిరుగుతుంది. పైగా మారే కరెంటును అడ్డుకునే గుణం ఏ తీగచుట్టకైనా ఉన్నది. ఇవన్నీ కలిసిన మొత్తం అడ్డే అవరోధం. స్పీకరు మీది అంకె అవరోధానిది. నా మీటరు చూపినది తీగ నిరోధాన్ని!

మరి అవరోధాన్ని కొలవటం ఎట్లా? కుర్రవాడు 741 అనే ఐ.సి.లు రెండు తెచ్చాడు. అనేక భాగాలను ఒకే ముక్క మీద ఇమిడ్చే ఈ విద్యను 1958లో జాక్ కిల్బీ చేసి చూపాడు. అందుకు 2000లో నోబెల్ బహుమానం పొందాడు. 1968లో వచ్చిన 741 చింతగింజంత ఉంటుంది. అందులో సుమారు ఇరవై ట్రాన్సిస్టర్లున్నాయి.

మొదటి ఐ.సి. 1 వోల్టు స్వరం పుట్టించింది. దాన్ని 1000 ఓముల రెసిస్టరు గుండా స్పీకరుకు పంపాడు. వెయ్యి పక్కన ఎనిమిదెంత? అందుచేత స్పీకరు ఏదైనా కరెంటు ఇంచుమించు 1 మిల్లీ ఆంపియరే ఉంటుంది. అంటే ఓముకు ఒక మిల్లీ వోల్టు చొప్పున వస్తుంది. ఇంత చిన్న వోల్టేజి మామూలు మీటరుకు అందదు గనక, రెండో ఐ.సి. దాన్ని నూరింతలు చేసింది. ముందుగా 10 ఓముల రెసిస్టరు పెట్టి చూస్తే మీటరు దాదాపు 1 వోల్టు చూపింది. లెక్క సరిపోయింది.

ఇక స్పీకరు పెట్టాము. సెకండుకు 400 కంపనాల స్వరానికి మీటరు 0.8 చూపింది. అంటే 8 ఓములు! స్వరం తగ్గిస్తూ పోతే, 80 దగ్గిర 30 ఓములకు ఎగబాకింది. ఉయ్యాలను దాని ఊపుకు సరిగా తోస్తే ఎత్తుకు లేస్తుంది గదా? గరాటుకూ అట్లాంటి సొంత ఊపు ఉన్నది. అక్కడ అది ఎక్కువగా ఊగుతుంది, డైనమో ఎక్కువగా ఎదురు తిరుగుతుంది.

ఆ ఆదివారమే కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాను. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కు తీసుకున్నాను. దుకాణదారు నవ్వి, మా ఇద్దరికీ చాయ్ తెప్పించాడు.

పిల్లలూ, మీరూ ఒక పరీక్ష చెయ్యండి. దేనికీ తగిలించని పాత పెద్ద స్పీకరు గరాటును వేలితో మెల్లిగా తట్టండి. తరువాత దాని రెండు కొనలనూ తీగతో కలిపి మళ్ళీ తట్టండి. ఈసారి చప్పుడు మందంగా వస్తుంది. లోపలి డైనమో కరెంటుకు దారి దొరికి, గరాటుకు బ్రేకు వేస్తున్నదన్నమాట. ఇంటి కరెంటుకు తగిలించి ఉన్న వస్తువుల జోలికి మాత్రం పోకండి.

కొలత తప్పని మనిషి మీద నేరం మోపేముందు, మనం కొలిచినది దేన్నో ఒకసారి చూసుకోవాలి. ఈ పాఠం నాకు నా విద్యార్థి చెప్పాడు.