కొల్లేటి జాగిలం – ఇరవై ఒక్క కుక్కల లెక్క

కోల్‌కతాలో శీతకాలం శునక ప్రదర్శనల కాలం. మన ఖిదిర్‌పూర్ నుంచి కూడ పిల్లలను వెంటబెట్టుకొని చూడబోయే కుటుంబాలున్నవి. అక్కడ లాబ్రడార్లు, జర్మన్ షెపర్డులు బారులు తీరి ఉంటాయి. తెలుగునాటి జాగిలమేదైనా ఉన్నదా అని అడిగితే బదులు చెప్పగలవారు అరుదు. ఉన్నది. దాని పేరు జోనంగి. కొల్లేటి జాగిలమని కూడ వ్యవహరిస్తారు.

సన్నని, దృఢమైన దేహం. మిక్కిలి పొట్టిగా, నునుపుగా ఉండే వెంట్రుక. మొరగడం తక్కువ, రాగం తీసినట్లు కూయడం ఎక్కువ. నేలలో గొయ్యి త్రవ్వుకొని అందులో విశ్రమించడం దీని ప్రత్యేకత. (పూలమొక్కలు పెంచే గృహిణులు ఈ విషయం ముందుగా తెలిసికొనుట మంచిది!) వరికోతలు ముగిసిన చేలలో రాలిన గింజలు మేయడానికి బాతుల మందలను ఊరూరా త్రిప్పే కాపరులకు ఇది కుడిభుజంగా ఉండేది. కొల్లేటి ప్రాంతంలో చేపల చెరువులు విస్తరించిన కొలదీ బాతుల మందలు తగ్గినవి, కుక్కకు పని పోయింది. గట్లే ప్రాణాధారమైన చెరువుల నడుమ గోతులు త్రవ్వే జంతువుకు ఎంతటి ఆదరణ ఉంటుందో ఊహించవచ్చు.

2005లో తపాలా శాఖ హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్, ముధోల్, రాజపాళయం జాతులపై బిళ్ళలు వెలువరించింది. ఆ నాలుగింటిలో జోనంగి లేదు.

పని పోయిన జాతిని నిలబెట్టవలసినవారు ఇక ఇంటి పెంపకందార్లే. వంశావళి వ్రాసి ఉంచడం, లక్షణాలను కొలతలతో నిర్ణయించడం, చెదరి ఉన్న కుక్కలను ఒకచోట చేర్చి నిపుణుల కంటికి చూపడం వారు చేయవలసిన పనులు. మూడవదానికి ప్రదర్శనలు ఎంతో ఉపకరిస్తాయి. కాని పతకం గెలిచిన ఒక్క మగకుక్క కోసమే అందరూ ఎగబడితే జాతికి అపకారమే. ఇంజనీరును కనుక లెక్కతో చెబుతాను.

జాతి వాస్తవ బలాన్ని తలల సంఖ్యతో గాక ‘ప్రభావిత సంఖ్య’తో కొలుస్తారు. మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో గుణించి, నాలుగు రెట్లు చేసి, మొత్తం సంఖ్యతో భాగించాలి. ఒక మగ, 20 ఆడ కుక్కలుంటే ఫలితం 3.8 మాత్రమే. 5 మగ, 16 ఆడ ఉంటే 15.2. రెండు సందర్భాలలోను ఉన్నవి 21 కుక్కలే! రక్తసంబంధపు సంపర్కం తరానికి మొదటి పద్ధతిలో సుమారు 13 శాతం, రెండవ పద్ధతిలో సుమారు 3.3 శాతం చొప్పున పెరుగుతుంది. దానిని ఒక శాతానికి మించనీయరాదంటే ప్రభావిత సంఖ్య 50 ఉండాలి. ఇది ఒక పెంపకందారుకు సాధ్యమయ్యే పని కాదు.

నార్వేలోని లుండెహుండ్ చరిత్ర ఇందుకు హెచ్చరిక. పఫిన్ అనే సముద్రపక్షుల వేటకు వినియోగించిన ఆ కుక్కకు, వలల వాడకం రావడంతో పని పోయింది. వ్యాధి సోకి 1963 నాటికి ఆరు మాత్రమే మిగిలినవి. వాటిలో అయిదు ఒకే తల్లి బిడ్డలు. జాతి బ్రతికింది గాని, తీవ్రమైన జీర్ణకోశ వ్యాధి దానిని నేటికీ పీడిస్తున్నది. జోనంగి వలెనే రాగాలు తీసే ఆఫ్రికా బసెంజీ విషయంలో పెంపకందార్లు వివేకం చూపారు. వారి కోరికపై 1990లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వంశావళి పుస్తకాన్ని తిరిగి తెరచి, ఆఫ్రికా నుంచి తెచ్చిన కుక్కలకు చోటు కల్పించింది. కొల్లేటి గ్రామాలలో కాగితాలు లేని జోనంగిలను పరీక్షించి చేర్చుకొనే మార్గం మనకును అవసరమని నా అభిప్రాయం.

రెండు గదుల క్వార్టరులో పది కుక్కలను పెంచలేము, ఒక్కదానిని పెంచగలం. జాతికి కావలసినది కూడ అదే: పదిమంది ఇళ్ళలో పది వేర్వేరు వంశాలు. హౌరా–చెన్నై ప్రధాన మార్గంలోని ఏలూరులో దిగితే కొల్లేరు ఎంతో దూరం కాదు. రైలులో కుక్కను తెచ్చుకొనడానికి బ్రేకువ్యానులో పెట్టె సదుపాయమున్నది. గాలిఫ్ స్ట్రీట్ ఆదివారపు సంతలో జోనంగి అని ఎవరైనా కూనను చూపితే మాత్రం, ధర అడిగేముందు తల్లిని, తండ్రిని చూపమనండి. ఆ తండ్రికి ఇదివరకు ఎన్ని ఈతలు కలిగినవో కూడ అడగండి.